అంగిలి మీది చుక్కలు, గుడ్డు మీది గీతలు

కోకిల పిల్ల కాకి గూట్లో పెరిగినా పెద్దయ్యాక కాకిలా అరవదు. పెంపకం ఎక్కడైనా పుట్టుక పుట్టుకే అనడానికి మనం ఆ పక్షినే సాక్ష్యం తెస్తుంటాం. సహారాకు దక్షిణాన గడ్డిమైదానాల్లో తిరిగే విడువా పిట్టల దగ్గర ఆ సాక్ష్యం చెల్లదు. పిచ్చుక కన్నా చిన్నవైన ఈ పిట్టలు గూడు కట్టవు, గుడ్లు పొదగవు, పిల్లల్ని సాకవు. ఆ పనంతా ఫైర్‌ఫించ్‌లు, వాక్స్‌బిల్‌లు, పిటిలియాలు చేసిపెడతాయి. అవి మన వరిచేల మీద గుంపులుగా వాలే మునియాలకు దగ్గరి చుట్టాలు. కానీ విడువా పిల్ల ఆ ఇంటి నుంచి తిండి ఒక్కటే తీసుకుని పోదు. నీలిమందు రంగుతో నిగనిగలాడే విడువాల్లో మగపిల్ల తనను పెంచిన జాతి పాట నేర్చుకుని జీవితాంతం అదే పాడుతుంది. ఆడపిల్ల ఆ పాట పాడే మగవాణ్ణే జతగా ఎంచుకుంటుంది, ఆ పాట వినిపించే జాతి గూటినే వెతికి గుడ్డు పెడుతుంది.

విడువా ప్రజాతిలో 19 జాతులున్నాయి. ఒక్కో జాతి సాధారణంగా ఒకే ఆతిథేయ జాతిని నమ్ముకుని బతుకుతుంది. ఈ జతలు ఎలా కుదిరాయి? ఆతిథేయులు చీలినప్పుడల్లా వాటి వెంటే ఈ పరాన్నభుక్కులూ చీలాయా, లేక ఒక గూటి నుంచి ఇంకో గూటికి దూకినప్పుడు కొత్త జాతులు పుట్టాయా? అరవై ఏళ్లుగా నలుగుతున్న ఈ ప్రశ్నలో మరో రెండు ప్రశ్నలు పెనవేసుకున్నాయి: పిల్లల నోటి గుర్తుల్లో ఎవరు ఎవరిని అనుకరించారు, ఆతిథేయి ఎంపిక తరం నుంచి తరానికి ఏ దారిన చేరుతుంది. మూడింటినీ కలిపి వాదించడం వల్లే చర్చ చిక్కుపడింది. చిక్కు విప్పే కొస మాత్రం విడువాల దగ్గర కాక, వాటి దాయాది అయిన కుక్కూ ఫించ్ దగ్గర ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నోటిలో రాసిన వంశవృక్షం

ఈ పక్షుల్ని చాలాకాలం గిజిగాళ్ల కుటుంబంలోనే లెక్కించారు. 1960లో హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ రాసిన సమగ్ర గ్రంథం పేరే ‘ది పారాసైటిక్ వీవర్‌బర్డ్స్’. గిజిగాళ్లతో కన్నా వాక్స్‌బిల్ కుటుంబంతోనే వీటికి దగ్గరి బంధుత్వమని డీఎన్ఏ పరిశీలనలు తర్వాత తేల్చాయి. ఆతిథేయులు కూడా ఆ కుటుంబానివే. అంటే పాలివాళ్ల ఇంట్లోనే పిల్లల్ని వదిలివెళ్తున్నాయన్నమాట.

వాక్స్‌బిల్ కుటుంబం గూళ్లు పైకప్పుతో గుండ్రంగా ఉంటాయి, లోపల చీకటి. పిల్లలు నోరు తెరిచినప్పుడు అంగిలి మీద నల్లచుక్కలు, నోటి అంచుల్లో తెల్లగానో నీలంగానో బొడిపెలు కనబడతాయి. జాతిజాతికీ ఈ నమూనా వేరు. విడువా పిల్ల నోరు తన ఆతిథేయి పిల్ల నోటిని అచ్చుగుద్దినట్టు పోలి ఉంటుంది. ఈ పోలికను 1929లోనే రుడాల్ఫ్ నాయిన్‌జిగ్ అనే జర్మన్ ఎత్తి చూపాడు. దాని మీద ఒక సిద్ధాంతం నిలబెట్టినవాడు యుర్గెన్ నికొలాయ్. జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెన్జ్ ఆధ్వర్యంలోని జేవీజెన్ సంస్థలో పనిచేస్తూ, పంజరాల్లో విడువాల్నీ ఆతిథేయుల్నీ కలిపి పెంచుతూ 1964లో ఆయన ఒక పెద్ద పత్రం వెలువరించాడు. మగ విడువా పాటలో కొంత సొంత కిచకిచలైతే కొంత ఆతిథేయి పాటేనని గమనించాడు. పాట, నోరు రెండూ ఇంత నిక్కచ్చిగా సరిపోవాలంటే ఈ జంటలు లక్షల ఏళ్లు కలిసి నడిచి ఉండాలని తీర్మానించాడు. ఆతిథేయి రెండుగా చీలితే పరాన్నభుక్కూ రెండుగా చీలింది. దీన్ని సహచీలిక వాదం అనవచ్చు.

ఈ వాదానికి బలం దాని సరళత. ఒక వంశవృక్షం గీస్తే రెండోది దాని నీడలా వచ్చేస్తుంది. పరిణామశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ ప్రభావం గట్టిగా ఉన్న రోజులవి. కొండో నదో ఎడారో అడ్డుపడి గుంపులు విడిపోతే తప్ప కొత్త జాతి పుట్టదన్న ఆయన మాటకు నికొలాయ్ ఊహ ఎక్కడా ఎదురెళ్లలేదు. అడ్డంకి ఆతిథేయిని విడదీస్తే, దాన్ని ఆశ్రయించిన పిట్ట కూడా ఆ అడ్డంకితోనే విడిపోతుంది కదా.

చెవి దారిన వచ్చే కులం

ఈ సరళతను శంకించినవాడు మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ పేన్. 1973 నాటి ఆయన గ్రంథం నీలిమందు పిట్టల పాటల మీద వచ్చిన తొలి సమగ్ర పరిశీలన. ఈ పిట్టలు విడువాల్లో ఒక గుంపు. సంతానోత్పత్తి కాలంలో మగవన్నీ నల్లగానే ఉంటాయి. ఈకల నిగారింపు ఒకదానిలో నీలంగా, మరొకదానిలో ఊదాగా, ఇంకొకదానిలో ఆకుపచ్చగా కనబడుతుంది, అంతే తేడా. చాలాచోట్ల పాట వింటేనే ఏ జాతో చెప్పగలం. ఇంత స్వల్పమైన తేడాలు లక్షల ఏళ్ల ఎడబాటుకు గుర్తులేనా అన్నది పేన్ సందేహం.

దానికి జవాబుగా ఆయన బృందం చేసిన ప్రయోగం ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా చక్కనిది. గ్రామ నీలిమందు పిట్ట సహజంగా ఎర్రముక్కు ఫైర్‌ఫించ్ గూళ్లలో గుడ్లు పెడుతుంది. పేన్ కొన్ని పిల్లల్ని ఫైర్‌ఫించ్‌ల దగ్గర, కొన్నిటిని బెంగాలీ ఫించ్‌ల దగ్గర పెంచాడు. బెంగాలీ ఫించ్ ఆఫ్రికా పక్షి కాదు, మన దేశంలోనూ ఉండే తెల్లనడుము మునియాను ఆసియావాసులు తరతరాలుగా పంజరాల్లో పెంచగా తయారైన రకం. ఏ విడువా పూర్వీకురాలూ దాన్ని చూసి ఎరగదు. అయినా దాని గూట్లో పెరిగిన మగపిల్లలు దాని పాటే పాడాయి. ఆడపిల్లలు పెద్దయ్యాక ఫైర్‌ఫించ్ గూళ్లను వదిలి బెంగాలీ ఫించ్ గూళ్లలోనే గుడ్లు పెట్టాయి, బెంగాలీ పాట పాడే మగవాటి వైపే మొగ్గాయి. 1998లోనూ 2000లోనూ అచ్చైన ఈ ఫలితాలు సహచీలిక వాదాన్ని పునాది దగ్గరే కదిలించాయి.

దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. ఒక ఆడపిట్ట పొరపాటున పరాయి జాతి గూట్లో గుడ్డు పెట్టిందనుకుందాం. పిల్లలు బతికితే కొత్త పాటతో పెరుగుతాయి. కొత్త పాట పాడే మగవి, ఆ పాట కోరే ఆడవి వాటిలో అవే జతకడతాయి. పాత గుంపుతో వియ్యం ఒక్క తరంలో తెగిపోతుంది. కొండా అక్కర్లేదు, నదీ అక్కర్లేదు, ఒకే చెట్టు కొమ్మ మీద రెండు జాతులు మొదలవుతాయి. గూటి నుంచి గూటికి దూకడంతోనే కొత్త జాతి పుడుతుందనే దీన్ని దూకుడు వాదం అనవచ్చు. మేయర్ శిష్యులకు ఇది మింగుడుపడని మాట.

మైకేల్ సోరెన్సన్, క్రిస్టీనా సెఫ్‌ట్స్, పేన్ కలిసి 2003లో ‘నేచర్’ పత్రికలో వెలువరించిన జన్యు పరిశీలన ఈ పక్షాన నిలిచింది. నీలిమందు పిట్ట జాతులు ఒకదానికొకటి చాలా దగ్గరగా, చాలా లేతగా తేలాయి. వాటి ఆతిథేయులు అంతకన్నా ఎంతో ముందే విడిపోయాయి. తల్లితో పాటే పుట్టాల్సిన నీడ తల్లి కన్నా ఇంత చిన్నదైతే ఆ రెండూ కలిసి పెరిగాయనడానికి వీల్లేదు.

జాస్ పీఠభూమిలో దొరికిన పిట్ట

ఈ పాట నమ్మకమైనదో కాదో తెలియడానికి ఉత్తర నైజీరియా కథ ఒకటి చెప్పాలి. 1982లో పేన్ జాస్ పీఠభూమి నుంచి ఒక నీలిమందు పిట్టకు కొత్త జాతిగా పేరు పెట్టాడు. అది అనుకరించే ఫైర్‌ఫించ్ పాట అప్పటికి తెలిసిన ఏ జాతితోనూ సరిగ్గా కలవలేదు. పరాన్నభుక్కు పాడుతోందంటే పాడే అసలు పక్షి అక్కడెక్కడో ఉండాలి. వెతికితే రాళ్లగుట్టల మీది గడ్డిలో ఒక ఫైర్‌ఫించ్ దొరికింది. 1998లో అది కూడా శాస్త్రానికి కొత్త జాతిగా నమోదైంది. దొంగ నోట విన్న మాటతో ఇంటి యజమాని ఆచూకీ పట్టుకున్న ఘటన పక్షిశాస్త్రంలో ఇంకొకటి ఉందో లేదో.

పాట ఇంత కచ్చితంగా ఉన్నప్పుడు జాతి గీత కూడా అంతే కచ్చితంగా ఉండాలి. కామెరూన్‌కు వెళ్తే అది చెరిగిపోతుంది. కామెరూన్ నీలిమందు పిట్టగా పిలిచేవాటిలో కొన్ని మగవి ఒక ఫైర్‌ఫించ్ పాట, కొన్ని మరో ఫైర్‌ఫించ్ పాట, ఇంకొన్ని ట్విన్‌స్పాట్ పాట పాడతాయి. క్రిస్టఫర్ బాలకృష్ణన్ తన సహచరులతో కలిసి 2009లో వెలువరించిన పరిశీలనలో వేర్వేరు పాటల గుంపుల మధ్య జన్యు తేడా దాదాపు కనబడలేదు. దూకుడు జరిగింది, పాట మారింది, కానీ వియ్యం పూర్తిగా తెగలేదు. ఆడపిట్ట అప్పుడప్పుడు తప్పు గూట్లో గుడ్డు పెడుతూ ఉంటే గోడ కట్టిన చోటే కూలుతూ ఉంటుంది. వీటిని ఒక జాతి అనాలా, నాలుగు అనాలా అన్నది పేర్ల పట్టిక రాసేవాళ్ల తలనొప్పి. దూకుడు వాదానికి ఇది బలమూ, బలహీనతా కూడా.

ఎవరిని చూసి ఎవరు?

నోటి చుక్కల మాట ఇంకా తేలలేదు. ఒక పక్షం వాదన అందరికీ తెలిసినదే: ఆతిథేయ తల్లి తన పిల్లల నోటిని గుర్తుపట్టి పరాయి నోటికి తిండి పెట్టదు. అందుకే అనుకరించని పిల్ల చస్తుంది, అనుకరించిన పిల్ల మిగులుతుంది. 2007లో మార్క్ హాబర్, రెబెకా కిల్నర్ దీన్ని తలకిందులు చేశారు. పరాన్నభుక్కు పిల్ల ఎక్కువ ఆకలి చూపించే, ఎక్కువ ఆకర్షించే నోటితో వస్తే తమ తల్లి దగ్గరే వెనకబడిపోయే ఆతిథేయి పిల్లలు ఆ నోటిని అనుకరించి ఉండవచ్చు కదా అని అడిగారు. వినడానికి వింతగా ఉన్నా, ఎవరు ముందో రుజువు చేయకుండానే ఇన్నాళ్లూ వాదిస్తున్నామని గుర్తుచేసిన ప్రశ్న అది.

ఈ ప్రశ్న మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకూడదనడానికి ఒక కారణం ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి గౌల్డియన్ ఫించ్ పిల్లల నోటి మూలల్లో మెరిసే నీలి బొడిపెలున్నాయి, ఆ ఖండంలో విడువాలు లేవు. అంటే ఈ కుటుంబంలో నోటి అలంకారాల మొదలు పరాన్నభుక్కులది కాదు. చీకటి గూట్లో తల్లికి నోరు కనిపించేలా చేయడమే మొదటి పని కావచ్చు. అనుకరణ తర్వాత వచ్చిన మెరుగు.

ఆతిథేయ తల్లి నిజంగా నోరు చూసి తేడా చూపుతుందా? జస్టిన్ షుట్జ్ 2005లో వాక్స్‌బిల్ పిల్లల నోటి నమూనా మార్చి చూశాడు. మార్చిన పిల్లలు మెల్లగా పెరిగాయి, కానీ చావలేదు. ఇది అటూ ఇటూ కాని ఫలితం. దీన్ని తిరస్కరణ అనడానికి వీల్లేదు, పూర్తి ఉదాసీనత అనడానికీ వీల్లేదు. దక్షిణ జాంబియాలోని చోమా చుట్టుపక్కల గాబ్రియల్ జేమీ బృందం చేసిన పని దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. 2020 నాటి వారి పత్రం ప్రకారం పోలిక నోటితో ఆగదు. తిండి అడిగే అరుపు, మెడ మెలిపెట్టి తల కదిలించే తీరు కూడా ఆతిథేయి పిల్లలవే. మరుసటి ఏడు వారే విడువాల్లో ఒకటైన సూదితోక విడా గుడ్లను దాని ఆతిథేయి కాని రెండు జాతుల గూళ్లలో పెట్టారు. నీలి వాక్స్‌బిల్ గూళ్లలో పిల్లలకు తిండి సరిగా దక్కలేదు. నారింజ రొమ్ము వాక్స్‌బిల్ గూళ్లలో మాత్రం బాగానే పెరిగాయి. కొత్త ఇంటికి దూకడం అసాధ్యం కాదు, అన్ని ఇళ్లూ సమానం కావు. దూకుడు వాదులు తమ సిద్ధాంతంలో ఖాళీగా ఉంచిన గడి ఇదే: పాట ఒక్క తరంలో మారుతుంది, నోరు మారదు. కొత్త ఇంట్లో మొదటి పిల్ల పాత నోటితోనే బతకాలి.

దాయాది దారి

విడువాలకు అత్యంత దగ్గరి బంధువు కుక్కూ ఫించ్. పసుపుపచ్చని ఈ పిట్ట కూడా పరాయి గూట్లోనే గుడ్డు పెడుతుంది. ఇద్దరి ఉమ్మడి పూర్వీకుడిలో ఈ అలవాటు ఒక్కసారే పుట్టిందని సోరెన్సన్, పేన్ 2001లో చూపారు. అక్కడి నుంచి దారులు పూర్తిగా విడిపోయాయి. విడువా పిల్లలు ఆతిథేయి పిల్లలతో కలిసి పెరుగుతాయి, కుక్కూ ఫించ్ పిల్ల వచ్చిన గూట్లో మిగతా పిల్లలు సాధారణంగా ఆకలితో పోతాయి. విడువాల ఆతిథేయుల గుడ్లు తెల్లగా ఉంటాయి కాబట్టి గుడ్డు దగ్గర పేచీ లేదు. కుక్కూ ఫించ్ బలిచేసే ప్రినియా, సిస్టికోలా పిట్టలు పరాయి గుడ్డును గుర్తుపట్టి బయట పారేస్తాయి. ప్రినియా ఒక్కో ఆడపిట్ట తన జీవితమంతా ఒకే నమూనా గుడ్డు పెడుతుంది, పక్క గూటి ఆడపిట్ట గుడ్డు వేరు. నీలం, తెలుపు, ఎరుపు, ముదురు ఆకుపచ్చ నేలలు, వాటి మీద సంతకం గీసినట్టు సన్నని గీతలు. సిస్టికోలా ఇంత రకరకాలుగా పెట్టదు, కానీ చిన్న తేడాను కూడా పసిగడుతుంది. ఇద్దరి రక్షణా ఇంచుమించు సమానంగానే పనిచేస్తుందని క్లెయిర్ స్పాటిస్‌వుడ్, మార్టిన్ స్టీవెన్స్ తేల్చారు. పరాన్నభుక్కు దగ్గర దానికి విరుగుడూ ఉంది: ఒకే గూట్లో ఒకటికి మించి గుడ్లు పెడితే ఆతిథేయికి ఏది తనదో తెలియకుండా పోతుంది.

ఈ పని కూడా చోమాలోనే జరిగింది. అక్కడ స్థిరపడిన మేజర్ జాన్ కోల్‌బ్రూక్-రాబ్‌జెంట్ దశాబ్దాల పాటు సేకరించిన గుడ్లు, గూళ్లు కనిపెట్టడంలో ఊరి రైతుల కంటిచూపు లేకుంటే నలభై ఏళ్ల మార్పును కొలిచే వీలుండేది కాదు. అంత కాలంలో ప్రినియా గుడ్ల రంగుల పంపిణీ మారింది. ముదురు ఆకుపచ్చ గుడ్లు పెరిగాయి, పరాన్నభుక్కు అందుకోలేకపోయింది.

ఎందుకు అందుకోలేకపోయిందో 2022లో వచ్చిన జన్యు పరిశీలన చెప్పింది. నాలుగు ఆతిథేయ జాతుల 141 గూళ్ల నుంచి 196 కుక్కూ ఫించ్‌ల డీఎన్ఏ తీశారు. గుడ్డు రంగు తల్లి నుంచి కూతురికి మాత్రమే, ఆడపక్షుల్లోనే ఉండే డబ్ల్యూ క్రోమోజోమ్ దారిన వస్తోంది. ఇంటర్ పుస్తకాల్లోని చతురస్రంతో మనకు పరిచయమైన పన్నెట్ 1933లోనే ఈ ఊహ చేశాడు. ప్రినియాను నమ్ముకున్న తల్లివరుస, సిస్టికోలాను నమ్ముకున్న తల్లివరుస విడిపోయి దాదాపు 20 లక్షల ఏళ్లయింది. మిగతా జన్యువులు మాత్రం మగవాటి ద్వారా కలిసిపోతూనే ఉన్నాయి. తల్లివరుసలో వచ్చేదానికి కలయిక ఉండదు కాబట్టి, నీలం గీసే వరుస, ఎరుపు గీసే వరుస కలిసి ముదురు ఆకుపచ్చ తయారు చేయలేవు. పాతకాలంలో మేలు చేసిన ఏర్పాటే ఇప్పుడు కాళ్లకు బంధమైంది.

పక్కపక్కన పెడితే

కుక్కూ ఫించ్‌లో ఆతిథేయికి తగిన గుడ్డు రంగు కూతురికి తల్లి రక్తంతో వస్తుంది, తండ్రి ఎవరైనా ఫర్వాలేదు. అందుకే 20 లక్షల ఏళ్ల తర్వాత కూడా అది ఒకే జాతి. నీలిమందు పిట్టల్లో ఆతిథేయి ఎంపిక చెవితో వస్తుంది, తండ్రికీ తల్లికీ ఒకే పాట కావాలి. అందుకే నిన్న మొన్న విడిపోయినవి కూడా వేరే జాతులుగా నిలబడగలుగుతున్నాయి. ఒకదానిలో పాత చీలిక ఉంది, జాతి లేదు. రెండోదానిలో జాతి ఉంది, చీలిక ఇంకా లేతే. దూకుడా, సహచీలికా అని అడిగినంతకాలం ఈ తేడా కంటబడలేదు. తండ్రి ఎక్కడ ఉన్నాడు అని అడిగితే కనబడుతుంది. నికొలాయ్ చూసిన పోలిక అబద్ధం కాదు. దాని వయసు అంచనా వేయడంలోనే ఆయన తడబడ్డాడు.

ఇంకా నలుగుతున్నవి

సిద్ధాంతం నీలిమందు పిట్టల మీద కట్టినది, దాన్ని ప్రజాతి మొత్తానికి కప్పేస్తున్నాం. ఆఫ్రికాలో అన్నిటికన్నా విస్తారంగా కనిపించే సూదితోక విడా పాటలో ఆతిథేయి అనుకరణ ప్రస్ఫుటంగా వినబడదు. పాట లేకుండా ఆడపిట్ట ఆతిథేయిని ఎలా గుర్తుంచుకుంటుంది, ఎవరితో జతకడుతుంది అన్నవాటికి నీలిమందు పిట్టల దగ్గర దొరికిన జవాబు ఇక్కడ అతకదు. పొడవు తోకల స్వర్గ విడాల్లో, పిటిలియాల మీద వాటి ఆధారంలో సహచీలిక పాలు ఎంత, దూకుడు పాలు ఎంత అన్నదీ విడిగా తూచాలి.

కొత్త ఆతిథేయికి దూకడాన్ని మొదటి నుంచీ చూసే అవకాశం మాత్రం అనుకోకుండా కాలిఫోర్నియాలో దొరికింది. పంజరాల నుంచి తప్పించుకున్న సూదితోక విడాలు దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడ్డాయి. అక్కడ వాటికి సొంత ఆతిథేయి దాదాపు లేదు. దొరికింది చుక్కల మునియా. అది కూడా వలస వచ్చినదే: మన పొలాల గట్ల మీది తుమ్మచెట్లలో గడ్డి బంతుల్లాంటి గూళ్లు కట్టే ఆ మునియానే, పంజరం వ్యాపారంలో సముద్రం దాటి అక్కడ గుంపులు కట్టింది. ఏ తరంలోనూ విడువా ముఖం చూడని పక్షి అది. ఆఫ్రికా వాక్స్‌బిల్ నోటి చుక్కలతోనే పుట్టిన పిల్లను అది సాకుతోంది. ఆ పిల్లల అంగిలిని ఇప్పుడే ఫొటోలు తీసి దాచిపెడితే, ముప్ఫై నలభై ఏళ్ల తర్వాత పక్కన పెట్టి చూడటానికి కోల్‌బ్రూక్-రాబ్‌జెంట్ గుడ్ల లాంటి పెట్టె ఒకటి ఉంటుంది.